వాట్లు అడిగి వెలుగు కొనలేము

నెల్లూరు ట్రంకు రోడ్డులో గాని, ఒంగోలు బజారులో గాని ఎలక్ట్రికల్ దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒకే మాట పదేపదే వినిపిస్తుంది: "అన్నా, తొమ్మిది వాట్ల బల్బు ఒకటియ్యి." దుకాణదారు ఒక పెట్టె తీసి, బల్బును హోల్డరులో పెట్టి వెలిగించి చూపించి, "లైటింగ్ బాగా వస్తాది" అని డబ్బులు తీసుకుంటాడు. ఆ బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందో ఇద్దరికీ తెలుసు. అది ఎంత వెలుగునిస్తుందో మాత్రం కొన్నవారు అడగలేదు, అమ్మినవారు చెప్పలేదు. గత పదేళ్లలో మన జిల్లాల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ బల్బులు మారాయి, కరెంటు ఆదా అయింది, అందుకు నాకు సంతోషమే. అయితే ఏ పనికి ఎంత వెలుగు కావాలి, అది ఎక్కడ పడాలి అన్న ఆలోచన మన ఇళ్లలో ఇంకా మొదలుకాలేదు. ఆ ఆలోచన చేస్తే ఇప్పటికంటే తక్కువ కరెంటుతో ఇప్పటికంటే బాగా కనిపించే ఇల్లు కట్టుకోవచ్చని నా గట్టి నమ్మకం.

వాటు అనేది ఖర్చుకు కొలత. బల్బు సెకనుకు ఎంత విద్యుత్ శక్తిని తీసుకుంటుందో అది చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. బల్బును వాట్లలో అడగడమంటే, మడికి ఎన్ని తడులు పెట్టారో చెప్పించుకుని, ఎకరాకు ఎన్ని పుట్ల ధాన్యం వచ్చిందో అడగకుండా పొలం కొనుక్కోవడం వంటిది. అయినా దాదాపు వందేళ్ల పాటు ఆ అలవాటు మనకు నష్టం చేయలేదు. అప్పట్లో ఇళ్లలో ఉన్నది ఒకే రకం బల్బు, అంటే టంగ్‌స్టన్ తీగ కాలి ఎర్రబడి వెలిగే బల్బు. వాటన్నిటి పనితనం ఇంచుమించు ఒకటే కాబట్టి నలభై అంటే ఎంత వెలుగో, అరవై అంటే ఎంతో, వంద అంటే ఎంతో మన పెద్దలకు కంటికి అలవాటైపోయింది. పడకగదికి నలభై, వంటింటికి అరవై, కళ్లం దగ్గరికి వంద అని వారు చెప్పేవారు. ఆ మాటల్లో వాటు పేరుతో నడిచింది నిజానికి వెలుగు లెక్కే. తీగ బల్బు పోగానే ఆ లెక్కకు ఆధారం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

వెలుగుకు కొలత ల్యూమెన్. ఒక దీపం నుంచి అన్ని దిక్కులకూ కలిపి వెలువడే కాంతి మొత్తాన్ని, మన కంటికి ఎంత మేరకు పనికివస్తుందో ఆ మేరకు తూకం వేసి చెప్పే సంఖ్య అది. కంటికి పనికిరావడం అన్న షరతు ఇందులో చాలా ముఖ్యమైనది. మనిషి కన్ను అన్ని రంగులనూ సమానంగా గ్రహించదు. పగటి వెలుతురులో అది 555 నానోమీటర్ల దగ్గరున్న పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ కాంతిని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. ఆ రంగులో ఒక వాటు కాంతి 683 ల్యూమెన్లతో సమానం. ఎరుపు, నీలం వైపు వెళ్లేకొద్దీ అదే ఒక వాటుకు ల్యూమెన్లు తగ్గిపోతాయి. పరారుణ కిరణాలు ఎన్ని వాట్లు వెలువడినా వాటి లెక్క సున్నా, ఎందుకంటే కంటికి అవి కనిపించవు, చర్మానికి వేడిగా తగులుతాయంతే. పాత తీగ బల్బు తీసుకున్న శక్తిలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇలా వేడిగానే పోయేది. అరవై వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు, వంద వాట్ల బల్బు సుమారు 1300 ల్యూమెన్లు ఇచ్చేవి. వాటుకు పన్నెండు, పదమూడు ల్యూమెన్లకు మించి వచ్చేది కాదు. మనం కొన్న కరెంటుతో మన గదినే వేడి చేసి, ఆ వేడిని తగ్గించడానికి ఫ్యాను తిప్పేవాళ్లం.

సీఎఫ్‌ఎల్ వచ్చాక వాటుకు యాభై, అరవై ల్యూమెన్లయ్యాయి. నలభై వాట్ల పాత ట్యూబులైటు మంచిదే, సుమారు 2400 ల్యూమెన్లు ఇచ్చేది. అయితే దాని ఇనుప చోకు మరో పది వాట్ల పైచిలుకు తినేది, ఆ సంగతి ట్యూబు మీద రాసి ఉండేది కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో వాటుకు ఎనభై నుంచి నూట ఇరవై ల్యూమెన్ల దాకా కనిపిస్తాయి. ఆ తేడానే చూడండి: వాటుకు ఎనభై ఇచ్చే తొమ్మిది వాట్ల బల్బు వెలుగు 720 ల్యూమెన్లు, వాటుకు నూట ఇరవై ఇచ్చే తొమ్మిది వాట్ల బల్బు వెలుగు 1080 ల్యూమెన్లు. రెండూ తొమ్మిది వాట్లే, నెల బిల్లులో రెండూ ఒక్కటే, కాని రెండో దాని వెలుగు ఒకటిన్నర రెట్లు.

ఈ సమాచారం రహస్యమేమీ కాదు. పెట్టె మీద ల్యూమెన్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మన దేశంలో ఎల్‌ఈడీ బల్బులకు బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) నక్షత్రాల ముద్ర 2018 నుంచి తప్పనిసరి, ఆ నక్షత్రాలు వాటుకు ఎన్ని ల్యూమెన్లు వస్తాయన్న లెక్క మీదే ఇస్తారు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు భద్రతకు సంబంధించినది, అది లేని బల్బును ఎంత చౌకైనా ముట్టుకోకూడదు. దుకాణంలో వెలిగించి చూపించే పరీక్ష మాత్రం ఎందుకూ కొరగాదు. నాలుగు వైపులా దీపాలున్న దుకాణంలో, ఎండలోంచి అప్పుడే లోపలికి వచ్చిన కంటికి, ఏ బల్బైనా ఒకేలా కళ్లు జిగేలుమనిపిస్తుంది. కన్ను తనను తాను చుట్టూ ఉన్న వెలుగుకు సర్దుకుంటుంది, అందువల్ల అది వెలుగుల తేడా చెప్పగలదే గాని వెలుగును కొలవలేదు.

ఎల్‌ఈడీ మన దాకా ఎలా వచ్చిందో ఒక మాట చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ముందే ఉన్నాయి. తెల్లని వెలుగుకు కావలసిన ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని సాధించడం కష్టమైంది, దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మనం వాడే బల్బులో నిజానికి వెలిగేది నీలం చిప్పే, దాని మీది పసుపు రంగు ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మార్చి, రెండూ కలిసి తెలుపుగా కనిపించేలా చేస్తుంది. నోబెల్ ఇచ్చిన మరుసటి ఏడాది, 2015 జనవరి 5న, తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులు అందించే కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం మొదలైంది. ఒకేసారి కోట్ల బల్బులకు టెండర్లు పిలవడం వల్ల 2014లో బల్బుకు 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. ప్రభుత్వ పథకాల్లో ఇంత సూటిగా పేదవాడి బిల్లును తగ్గించినది మరొకటి నాకు తట్టదు.

ఆ తగ్గింపు ఎంతో లెక్క వేద్దాం. అరవై వాట్ల తీగ బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు తొమ్మిది యూనిట్లు. అంతే వెలుగునిచ్చే, లేదా ఇంకా ఎక్కువ వెలుగునిచ్చే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీకి ఒక యూనిట్టూ మూడో వంతు. ఒక బల్బుకు ఏడున్నర యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. ఇంట్లో అలాంటివి నాలుగుంటే నెలకు ముప్పై యూనిట్లు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన గృహ టారిఫులో మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మనం మిగిల్చే యూనిట్లు ఎప్పుడూ పైమెట్టు నుంచే మిగులుతాయి, అంటే ఆ ఇంటికి పడే అతి ఎక్కువ ధర దగ్గరే ఆదా మొదలవుతుంది. నెలకు 140 యూనిట్లు వాడే ఇల్లు 110కి దిగితే అందులో పదిహేను యూనిట్లు 6 రూపాయల చొప్పున, పదిహేను 4.50 చొప్పున తగ్గి, నెలకు 157 రూపాయలకు పైగా మిగులుతుంది. బల్బుల ఖర్చు రెండు మూడు నెలల్లో తిరిగి వస్తుంది. కరెంటు తయారయ్యే చోట మిగిలేది వేరు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్నటువంటి బొగ్గు కేంద్రాలే ఇప్పటికీ మన కరెంటుకు పెద్ద ఆధారం, దేశం మొత్తం మీద గ్రిడ్డు నుంచి వచ్చే ఒక్కో యూనిట్టు వెనుక సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది.

అయితే ఈ లెక్క ఇక్కడితో ఆగిపోతుందని కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. అరవై నుంచి తొమ్మిదికి దిగినప్పుడు 51 వాట్లు మిగిలాయి. తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగితే ఒక వాటు మిగులుతుంది, నెలకు ఒక రూపాయి కూడా రాదు. ఇప్పటికే ఎల్‌ఈడీ ఉన్న ఇంట్లో ఇంకా తక్కువ వాట్ల బల్బు వెతుక్కుని, చీకట్లో తడుముకుంటూ బతకడం పొదుపు కాదు. మా బంధువుల ఇళ్లలో ఐదు వాట్ల బల్బు కింద పిల్లలు పుస్తకానికి ముక్కు ఆనించి చదవడం నేను చూశాను. ఆ ఇంట్లోనే ఎవరూ లేని గదిలో డెబ్బై అయిదు వాట్ల పాత ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కరెంటు మీద బెంగ ఉన్నవారు ఆ ఫ్యానుకు బదులు ముప్పై వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని పొదుపు మోటారు) ఫ్యాను పెట్టుకుని, పిల్లవాడికి వెలుగివ్వాలి.

మెట్ట ప్రాంతంలో, కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో వేసవి సాయంత్రాలు లో వోల్టేజి తెలిసినవారికి ఎల్‌ఈడీ చేసిన మరో మేలు వివరించి చెప్పనక్కరలేదు. తీగ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోయేది, ఇంకా తగ్గితే తీగ ఎర్రగా కనిపించేదే గాని గది కనిపించేది కాదు. మంచి డ్రైవరు, అంటే చిప్పుకు కరెంటును సర్ది ఇచ్చే లోపలి సర్క్యూటు, ఉన్న ఎల్‌ఈడీ వోల్టేజి బాగా తగ్గినా అదే వెలుగు ఇస్తుంది. పెట్టె మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది, ఆ ఊళ్లవారు ల్యూమెన్ల తరువాత చూడవలసినది అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. బల్బు నుంచి వెలువడే వెలుగు ఒకటి, మనం చూసే వస్తువు మీద పడే వెలుగు ఇంకొకటి. రెండో దాన్ని లక్సులలో కొలుస్తారు, ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్సు. శ్రద్ధగా చదువుకోవడానికి 300 లక్సులు, వంటపనికి 200, సూదిపనికి 700 వరకు కావాలని, పడకగదికి మామూలుగా 50 చాలునని సాధారణంగా సూచిస్తారు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది తీసుకుందాం, అది పదకొండు చదరపు మీటర్లు. అందులో 900 ల్యూమెన్ల బల్బు పెడితే, ఆ వెలుగంతా నేలకే చేరినా 80 లక్సులకు మించదు. గోడలు, కప్పు, దీపం మీది మూత మింగేయగా నిజంగా చేరేది సగమే అనుకుంటే 40 లక్సులు. గది మొత్తం 300 లక్సులు రావాలంటే ఆరువేల ల్యూమెన్లకు పైగా కావాలి, అంటే ఇరవై వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబులైటు లాంటి పొడుగాటి దీపాలు) మూడు పెట్టినా చాలవు. అదే పిల్లవాడి పుస్తకానికి రెండడుగుల పైన ఐదు వాట్ల టేబుల్ ల్యాంపు పెడితే పుస్తకం మీద 300 నుంచి 400 లక్సులు పడతాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, దూరం సగమైతే నాలుగు రెట్లవుతుంది, ఇది మార్చలేని నియమం. అరవై వాట్లతో కూడా సరిగా కుదరని పని, గదికి ఒక తొమ్మిది వాట్ల బల్బు, పుస్తకానికి ఐదు వాట్ల దీపం పెట్టి పద్నాలుగు వాట్లతో చక్కగా జరిగిపోతుంది.

ఈ సంగతి మన దగ్గర తెలియనివారు లేకపోలేదు. కంటితో బతికే పనివాళ్లందరికీ తెలుసు. కోవూరు దగ్గర పాటూరులో నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి చూడండి, మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి దీపం కప్పుకు ఉండదు, తీగకు వేలాడదీసి పోగుల మీదికి దించి ఉంటుంది. నెల్లూరు ఆచారివీధిలో నగలకు రాళ్లు పొదిగేవారు దీపాన్ని చేతి దగ్గరికి తెచ్చుకుంటారు. కుట్టుమిషను మీద దర్జీ పెట్టుకునే చిన్న బల్బు కూడా అంతే. జీతం వచ్చే పనికి ఇంత జాగ్రత్త తీసుకునే మనం, ఇంట్లో అమ్మ కూరలు తరిగే చోటికీ, పిల్లలు లెక్కలు చేసే చోటికీ ఆ జాగ్రత్త ఎందుకు తీసుకోమన్నది నన్ను నిజంగా బాధించే ప్రశ్న.

వంటిల్లే చూడండి. దాదాపు ప్రతి ఇంట్లో దీపం గది మధ్యలో కప్పుకో, వెనుక గోడకో ఉంటుంది. వంట చేసే మనిషి పొయ్యి వైపు తిరిగి నిలబడగానే ఆమె నీడ ఆమె చేతుల మీదే పడుతుంది. అందుకు తోడు మన ప్రాంతంలో వంటింటి అరుగుకు నల్ల గ్రానైటు వేయడం ఆనవాయితీ, చీమకుర్తి పక్కనే ఉన్నప్పుడు వేరే రాయి ఎవరు వేస్తారు! ఆ రాయి అందంగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కాని దాని మీద పడ్డ వెలుగులో చాలా కొంచెమే తిరిగి వస్తుంది. నల్ల రాయి మీద, సొంత నీడలో, కత్తిపీటతోనో చాకుతోనో పనిచేయడం ప్రమాదం. పై అలమర అడుగున, ముందు అంచుకు రెండడుగుల బ్యాటెన్ ఒకటి, పది వాట్ల లోపుది, కంటికి సూటిగా తగలకుండా బిగిస్తే నీడ మాయమవుతుంది. ఇంటి దీపాల మీద ఖర్చు పెట్టగలిగినది ఒక్కసారికే అయితే ఆ డబ్బు ఇక్కడే పెట్టమంటాను.

పెద్దవాళ్ల విషయం ఇంకా ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి పొరకు చేరే వెలుగు ఇరవై ఏళ్లవారికి చేరే దానిలో ఇంచుమించు మూడో వంతు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరే అమ్మ "చూపు మందగించింది నాయనా" అంటే, కంటి డాక్టరుకు చూపించడం ఎంత అవసరమో ఆ చేట మీద ఎంత వెలుగు పడుతుందో చూడడమూ అంత అవసరం. కొడుకుకు సరిపోయే వెలుగు తల్లికి సరిపోదు. దీపాల్లో పొదుపు పేరుతో ముందుగా తగ్గేది పెద్దవాళ్లు తిరిగే చోట్లనే కావడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది: మెట్లు, స్నానాలగది గడప, పడక నుంచి మరుగుదొడ్డికి వెళ్లే దారి. ఆ దారిలో మనిషి కదలికకు వెలిగే రెండు మూడు వాట్ల దీపం పెడితే ఏడాదికి అయ్యే కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు.

రంగు గురించి మన దగ్గర బలంగా పాతుకున్న అపోహ ఒకటుంది. తెల్లటి వెలుగు ఎక్కువ వెలుగు, పసుపుపచ్చటి వెలుగు తక్కువ వెలుగు అని. పాత రోజుల్లో పచ్చగా వెలిగేది తీగ బల్బు, తెల్లగా వెలిగేది ట్యూబులైటు, రెండో దాని వెలుగు నిజంగానే ఎక్కువ కాబట్టి ఆ భావం పుట్టింది. ఇప్పుడు రంగుకూ వెలుగుకూ సంబంధం లేదు. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉంటే పాత బల్బు లాంటి పచ్చదనం, 4000 అంటే మధ్యస్థం, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. ల్యూమెన్లు సమానమైతే వెలుగు సమానమే. మన ఇళ్లన్నీ 6500తో నిండిపోయాయి, హాలు, పడకగది, పూజగది అన్న తేడా లేదు. నీలం పాలు ఎక్కువున్న బలమైన వెలుగు రాత్రిపూట నిద్రను తెచ్చే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. పని చేసుకునే చోట 4000, పడుకునే ముందు గడిపే చోట 2700 నా ఎంపిక. వరండాలో కూడా పచ్చటిదే పెట్టాలి. వాన వెలిశాక ఉసిళ్లు లేచినప్పుడు తెల్ల దీపం చుట్టూ ఎన్ని చేరతాయో, పచ్చ దీపం చుట్టూ ఎన్ని చేరతాయో ఒక్కసారి చూస్తే చాలు.

రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణం ఇంకొకటి, దాన్ని సీఆర్‌ఐ అంటారు. పూర్తి అంకె 100, తీగ బల్బుది దాదాపు అంతే, మామూలు ఎల్‌ఈడీలది 80. ఎర్ర రంగు దగ్గర చౌక ఎల్‌ఈడీ బాగా తడబడుతుంది. మంచి ఎరుపు తేలిన నెల్లూరు చేపల పులుసు ఆ వెలుగులో మట్టిరంగులో కనిపిస్తుంది, చేప మొప్పల ఎరుపు చూసి తాజాదనం తేల్చుకోవడమూ కష్టమవుతుంది. వంటగదికీ, బట్టలు చూసుకునే అద్దం దగ్గరికీ 90 ఉన్న బల్బు కొంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా తప్పులేదు. మిగతా చోట్ల 80 చాలు.

మన ఎండల్లో ఎల్‌ఈడీ ఆయుష్షు గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. పెట్టె మీద 25,000 గంటలని ఉంటుంది, రోజుకు ఐదు గంటల చొప్పున అది పదమూడేళ్ల పైమాట. అంతకాలం నిలవకపోవడానికి చాలాసార్లు కారణం వేడి. వెలిగే చిప్పు అంత తొందరగా పోదు, దాని వెనుక ఉన్న డ్రైవరులోని కెపాసిటరు పోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. రోహిణి కార్తెలో మిద్దె కింద గది కప్పు దగ్గర గాలే మండుతూ ఉంటుంది. అలాంటి చోట బల్బును నాలుగు వైపులా మూసిన గాజు బుడ్డిలో, తల కిందులుగా పెడితే డ్రైవరు పైన ఉండి ఆ వేడినంతా తానే భరిస్తుంది. అడుగున గాలి ఆడే డూము వాడాలి, లేకపోతే బల్బును బయటికే పెట్టాలి. కొన్న రసీదును దాచుకోవడం కూడా అవసరం, రెండేళ్ల వారంటీ ఉన్న బల్బులు చాలానే ఉన్నాయి, రసీదు లేక వాటిని చెత్తలో వేస్తున్నాం.

నాసిరకం బల్బు మరో విధంగానూ బయటపడుతుంది. ఫోను కెమెరాను బల్బు వైపు పెట్టినప్పుడు తెర మీద నల్లటి పట్టీలు బలంగా పాకుతుంటే ఆ వెలుగు సెకనుకు వందసార్లు వణుకుతోందని అర్థం. చాలామందికి కంటికి అది తెలియదు, కాని కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. చదువుకునే చోట అటువంటి దీపం పెట్టకూడదు.

రాత్రంతా వెలిగే దీపాలను విడిగా లెక్క పెట్టాలి. పాత జీరో బల్బు పేరుకు సున్నా అయినా తీసుకునేది 12 నుంచి 15 వాట్లు. రాత్రికి పది గంటలు వెలిగితే నెలకు సుమారు నాలుగు యూనిట్లవుతుంది, అంటే ఐదు గంటలు వెలిగే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ కంటే దాదాపు మూడు రెట్లు. పూజగదుల్లో, ముసలివాళ్ల గదుల్లో అవి ఇంకా ఉన్నాయి. అర వాటు ఎల్‌ఈడీ ఆ పని చేస్తుంది.

ఇప్పుడు ఎదురుగాలి గురించి చెప్పాలి. నెల్లూరులో మినీ బైపాస్ చుట్టుపక్కల, ఒంగోలులో కొత్త అపార్టుమెంట్లలో ఫాల్స్ సీలింగ్ లేని ఇల్లు కనిపించడం లేదు. హాలుకు పది వాట్ల డౌన్‌లైట్లు పదహారు, అంచుల వెంట రంగుల స్ట్రిప్పులు, గోడకు అలంకార దీపాలు. ఆ పదహారింటికే 160 వాట్లయింది. అదే హాలులో ఇరవై ఏళ్ల క్రితం ఒక ట్యూబులైటు, ఒక అరవై బల్బు ఉంటే చోకుతో కలిపి 110 వాట్ల చిల్లరే. అంటే ఎంతో మెరుగైన బల్బులు కొని, పాత ఇంటికంటే ఎక్కువ కరెంటు ఖర్చు చేస్తున్నాం. వస్తువు పొదుపైనప్పుడు దాని వాడకం పెరుగుతుందని 1865లోనే జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు విషయంలో గుర్తించాడు. అంత వెలుగు ఉన్నా ఆ హాలులో సోఫాలో కూర్చుని పేపరు చదవబోతే కప్పు నుంచి దీపం నేరుగా కళ్లలో పడుతుంది, పేపరు మీద మన తల నీడ పడుతుంది. డబ్బున్నవారు ఖర్చు పెట్టుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. అంత ఖర్చు పెట్టి కూడా చదువుకోవడానికి వీలైన ఒక్క చోటు లేని ఇల్లు కట్టడం మీద ఉంది. అన్నీ కలిపి ఒకే స్విచ్చు మీద పెట్టకుండా నాలుగేసి దీపాలకు ఒక స్విచ్చు పెట్టించుకున్నా సగం నష్టం తగ్గుతుంది.

పగటి వెలుగు విషయంలో మన పాత ఇళ్లు తెలివైనవి. మండువా లోగిలి మధ్యలో ఆకాశం ఉండేది, పెంకుటింటి కప్పులో అక్కడక్కడా అద్దపు పెంకు ఉండేది. మిట్టమధ్యాహ్నం ఎండలో బయట లక్ష లక్సుల వెలుగు ఉంటుంది. అందులో వందో వంతు లోపలికి రానిచ్చినా వెయ్యి లక్సులు, గది మొత్తానికి ఏ ఒక్క ఇంటి బల్బూ ఇవ్వలేనంత. ఇప్పుడు ప్రహరీకి ప్రహరీ ఆనించి కట్టుకుని, కిటికీలకు ముదురు రంగు పరదాలు వేసి, పగలు పన్నెండింటికి లైటు వేసుకుంటున్నాం. గోడలకు లేత రంగు, కప్పుకు తెలుపు వేయడం కూడా వెలుగు కొనుక్కోవడమే. సున్నం కొట్టిన గోడ పడిన వెలుగులో నూటికి ఎనభై పాళ్ల దాకా తిప్పి పంపిస్తుంది, ముదురు రంగు గోడ పది, ఇరవై పాళ్లు కూడా పంపదు.

చివరికి ఇదంతా తేలేది దుకాణంలో కూడా కాదు, ఇల్లు కట్టేటప్పుడు స్లాబుకు ఇనుము కట్టిన రోజున. ఆ రోజు ఎలక్ట్రీషియను పైపులు పరుస్తూ "పాయింట్లు యాడ పెట్టమంటారు సార్" అని అడుగుతాడు. "అందరికీ ఎట్టా పెడతావో అట్టానే పెట్టు" అని మనం చెబుతాం. అతడు గది మధ్యలో ఒక ఫ్యాను పాయింటు, గోడకు ఎత్తున ఒక బ్యాటెన్ పాయింటు పెట్టి వెళ్లిపోతాడు. ఆ తరువాత ఎన్ని నక్షత్రాల బల్బు కొన్నా వెలుగు అతడు నిర్ణయించిన చోటి నుంచే వస్తుంది. అందుకని ఆ ముందురోజు సాయంత్రమే ఇంట్లో వంట చేసేవారినీ, చదువుకునేవారినీ, పెద్దవారినీ వెంటబెట్టుకుని ఆ కడ్డీల మధ్య నడవాలి. పొయ్యి ఎక్కడ వస్తుంది, పిల్లల బల్ల ఏ గోడకు ఆనుకుంటుంది, అమ్మ మంచం తల ఎటువైపు, మెట్ల మలుపు ఎక్కడ అని అడిగి, ఒక్కో చోట సుద్దముక్కతో గుర్తు పెట్టించాలి. పై అలమర అడుగుకు ఒకటి, బల్ల పక్కన ఒకటి, మంచం తలాపున అందేలా స్విచ్చుతో సహా ఒకటి అదనంగా పెట్టించడానికి ఆ రోజు అయ్యేది కొంచెం పైపు, కొంచెం తీగ, రెండు మూడు పెట్టెల ఖర్చే. ప్లాస్టరింగు అయ్యాక అదే పాయింటు కావాలంటే గోడ చెక్కించి, పైపు దించి, మళ్లీ పూత పూయించి రంగు వేయించాలి.